చెయ్యి వేసి చూడనిదే మెడ నొప్పి తేలదు

ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవం సందర్భంగా నిజామాబాద్‌లో బీడీ కార్మికులు, ఫిజియోథెరపీ విద్యార్థులు కలిసి కూర్చున్న సభలో ఒక సీనియర్ ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాము.

అందరికీ నమస్కారం.

మాట మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేద్దాం. అందరూ రెండు చేతులూ పక్కల నుంచి పైకెత్తండి. నెమ్మదిగా. చెవులకు ఆనేవరకూ. వెనక వరుసలో ఉన్నవారు కూడా. నొప్పి పుడితే అక్కడే ఆపేయండి, బలవంతం వద్దు. ఇప్పుడు దించండి, అంతే నెమ్మదిగా. చాలు.

మీరు చేతులెత్తుతుంటే నేను ఏం చూశానో చెప్పనా? కుడివైపు కూర్చున్న ఒక అమ్మ చెయ్యి సగం దాకా బాగానే లేచింది. అక్కడ ముఖం చిట్లించుకున్నారు. ఇంకాస్త పైకి పోయాక ముఖం మళ్లీ తేటపడింది. వెనక ఒకావిడ చెయ్యి ఎత్తకముందే భుజాన్ని చెవి దాకా ఎగరేశారు. ఈ పక్కన ఒక పెద్దాయన మెడను ఎడమకు వాల్చి, తల దించుకుని, చెయ్యి మాత్రం పూర్తిగా ఎత్తారు. ముగ్గురినీ అడగండి, ముగ్గురూ భుజం నొప్పి అనే చెబుతారు. ముగ్గురి కథా ఒకటేనా? కాదు. నేనింకా ఎవరినీ ముట్టుకోలేదు, ఏ యంత్రమూ పెట్టలేదు. చూశాను, అంతే.

చెయ్యి చెవికి ఆనాలంటే సుమారు 180 డిగ్రీలు లేవాలి. అందులో 120 డిగ్రీల దాకా భుజం కీలు ఇస్తుంది. మిగతా 60 డిగ్రీలూ రెక్క ఎముక ఇస్తుంది, వీపు మీద ఇరుపక్కలా బల్లపరుపుగా ఉంటుందే, అది. ఈ లెక్కను 1944లోనే అమెరికా ఎముకల వైద్యుడు ఇన్మన్, ఆయన సహచరులు రాసి పెట్టారు. కీలు బిగుసుకుపోతే రెక్క ముందే ఎగురుతుంది, పాపం దాని పనీ కీలు పనీ అదే చేయాలి కదా. 60 నుంచి 120 డిగ్రీల మధ్యలోనే నొప్పి వచ్చి, ఆ పైన తగ్గిపోతే, కీలును చుట్టి పట్టి ఉంచే కండరాల మీద అనుమానం పోతుంది. తల వాల్చుకుని ఎత్తే మనిషి మెడ కూడా చూడాలి. ఇదంతా ఒక్క చెయ్యెత్తడంలో తెలిసింది. అలాంటిది అరగంట సేపు శ్రద్ధగా పరీక్ష చేస్తే ఎంత తెలుస్తుందో ఆలోచించండి.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నొప్పి ఎక్కడ ఉందన్నది ఒక ప్రశ్న. నొప్పి ఎక్కడి నుంచి వస్తోందన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు మీరు చెబుతారు. రెండోదానికి జవాబు పరీక్షలో దొరుకుతుంది. ఇంట్లో ఒక గదిలో బల్బు వెలగకపోతే బల్బే మార్చుకుంటూ కూర్చుంటామా? మెయిన్ బోర్డులో ఫ్యూజు చూడమా? మెడ నుంచి బయలుదేరిన నరం జబ్బలో, మోచేతిలో, వేళ్లలో నొప్పి చూపిస్తుంది. అందుకని జబ్బకు కరెంటు యంత్రం పెట్టించుకుంటూ నెలలు గడిపితే ఏం లాభం?

స్కాను చేతిలో ఉన్నా

నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది చంకలో పెద్ద కవరు పెట్టుకుని వస్తారు. అందులో ఎమ్మారై. కూర్చోగానే కవరు నా ముందు పెడతారు. "మేడం, నాకు డిస్కు జరిగిందట." డిస్కు అంటే ఎముకకూ ఎముకకూ మధ్య ఉండే మెత్తటి దిండు. నేను కవరు పక్కన పెట్టి ఒక ప్రశ్న అడుగుతాను. అమ్మా, ఈ స్కాను రాసే ముందు మీ మెడ మీద ఎవరైనా చెయ్యి వేసి చూశారా? తల తిప్పమన్నారా? చేతుల్లో బలం చూశారా? ఎక్కువమంది జవాబు లేదనే. నాకు బాధ కలిగేది అక్కడే.

స్కాను చెడ్డదని నేను అనడం లేదు. అవసరమైనప్పుడు అదే ప్రాణం కాపాడుతుంది. కానీ అది చూపించేది ఏమిటో తెలుసుకోవాలి. జపాన్‌లో 1211 మందికి మెడ ఎమ్మారై తీశారు. వాళ్లెవరూ రోగులు కారు. మెడ బాధ గాని, చేతుల తిమ్మిరి గాని లేనివాళ్లు, ఇరవైల నుంచి డెబ్బైల వయసు దాకా. ఫలితాలు 2015లో వచ్చాయి. డిస్కు ఉబ్బు ఎంతమందిలో కనిపించిందో తెలుసా? 87.6 శాతం మందిలో! ఇరవైల్లో ఉన్న కుర్రవాళ్లలోనే నూటికి డెబ్బై మందికి పైగా. వాళ్లకు ఏ బాధా లేదు, మళ్లీ చెబుతున్నాను, ఏ బాధా లేదు.

భుజానిదీ అదే సంగతి. జపాన్‌లోనే ఒక పల్లెలో 664 మందికి భుజాలు స్కాన్ చేసి 2013లో ప్రచురించారు. నూటికి 22 మందికి భుజం కండరం పూర్తిగా చిరిగి ఉంది. ఆ చిరిగిన వాళ్లలో మూడింట రెండు వంతుల మందికి అలాంటిది ఉందని కూడా తెలియదు, ఎందుకంటే నొప్పి లేదు.

కాబట్టి కాగితం మీద డిస్కు ఉబ్బు అని కనిపించగానే మీ నొప్పికి కారణం అదే అనుకోవడానికి లేదు. ఆ ఉబ్బు ఏ నరం దగ్గర ఉందో, ఆ నరం పోయే దారిలోనే మీకు తిమ్మిరి ఉందా, ఆ నరం నడిపే కండరమే బలం తగ్గిందా, ఈ రెండూ కలవాలి. కలిస్తే స్కాను మాట నమ్ముదాం. కలవకపోతే? స్కాను దారి స్కానుది, మనిషి దారి మనిషిది.

ముందు మాట వినాలి

ఇక్కడున్న అక్కలు, అమ్మలు చాలామంది బీడీలు చుట్టేవారు. ఒడిలో చేట, చేటలో తునికాకు, పొగాకు. తల కిందికి, మోచేతులు ఒంటికి దగ్గరగా, కదిలేవి వేళ్లు మాత్రమే. కూలి వెయ్యి బీడీల లెక్కన కాబట్టి మధ్యలో లేవాలనిపించదు. రెక్కాడితే గాని డొక్కాడని బతుకు. మీలో ఒకరు మెడ నొప్పి అని వస్తే, "వంగి కూర్చుంటున్నావు, అందుకే" అని ఒక్క మాటలో తేల్చేయడం నాకు నచ్చదు. వంగడం నేరం కాదమ్మా. గంటల తరబడి ఒకే భంగిమలో ఉండిపోవడం, మధ్యలో మార్చుకునే వీలు లేకపోవడం, అది కష్టం. అందుకే ముందు వినాలి.

ఎక్కడ నొప్పి అని అడిగితే నోటితో చెప్పేదానికంటే చేత్తో చూపించేది గమనించాలి. విద్యార్థులు ఇది రాసుకోండి. అరచెయ్యి తెచ్చి మెడకూ భుజానికీ మధ్యనున్న కండ మీద పెట్టి పిసుక్కుంటే, మూలం చాలాసార్లు మెడలో ఉంటుంది. జబ్బ బయటి వైపున, టీకా మచ్చ ఉండే చోట, పైకీ కిందికీ రుద్దుకుంటూ చూపిస్తే, భుజం కీలు గాని దాని చుట్టూ కండరాలు గాని అయ్యే అవకాశం ఎక్కువ. ఒకే ఒక్క వేలితో భుజం పైన గుచ్చి "ఇదిగో, ఇక్కడే" అంటే, కాలర్ ఎముక రెక్క ఎముకను కలిసే చిన్న కీలును చూడాలి. మోచెయ్యి దాటి వేళ్ల దాకా గీత గీసినట్లు లాగి చూపిస్తే నరం మీదికి మనసు పోవాలి. ఇవి కచ్చితమైన తీర్పులని చెప్పడం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే ఆనవాళ్లు మాత్రమే.

తరువాత రాత్రి సంగతి. ఏ పక్కకు తిరిగి పడుకుంటున్నారు? ఆ పక్క మీద పడుకోగానే భుజం పోటు లేచి మెలకువ వస్తోందా? అయితే భుజం. ఇంకొందరు ఒక వింత మాట చెబుతారు. "మేడం, చెయ్యి నెత్తి మీద పెట్టుకుంటేనే నిద్ర పడుతోంది" అంటారు. ఇది వినగానే నేను పెన్ను ఆపి మళ్లీ అడుగుతాను. మెడలో నరం ఒత్తుకుపోయినవారికి చెయ్యి తల మీద పెట్టుకుంటే ఆ నరం మీద లాగుడు తగ్గుతుంది, హాయిగా ఉంటుంది. భుజం కీలు చెడినవారు అలా పెట్టుకోలేరు, పెడితే నొప్పి పెరుగుతుంది. చూశారా, నిద్రపోయే తీరులోనే ఎంత సమాచారం ఉందో!

ఇంకొకటి. ఎన్ని బీడీలు చుట్టాక నొప్పి మొదలవుతోంది? లేచాక ఎంతసేపటికి తగ్గుతోంది? వంద చుట్టేసరికే మొదలై తెల్లారేదాకా తగ్గని మెడను మొదటి రోజు నేను ఎక్కువ కదిలించను. అవసరమైన రెండు మూడు పరీక్షలు చేసి ఆపేస్తాను. వెయ్యి పూర్తయ్యే వేళకు మొదలై, లేచి నాలుగడుగులు వేయగానే పోయే నొప్పి అయితే పూర్తి పరీక్ష చేయవచ్చు. ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్టు జెఫ్రీ మైట్‌ల్యాండ్ మా వృత్తికి ఇచ్చిన గొప్ప పాఠం ఇది. నొప్పి ఎంత త్వరగా రేగుతుందో, ఎంత ఆలస్యంగా చల్లారుతుందో తెలియకుండా మనిషి మీద చెయ్యి వేయకూడదు.

షుగరు ఉందా, థైరాయిడ్ ఉందా, ఈమధ్య ఎక్కడైనా పడ్డారా, నిద్ర పడుతోందా, ఇంట్లో ఏదైనా దిగులుందా. ఇవీ అడగాలి. అప్పుల దిగులుతో నిద్రలేని మనిషికి నొప్పి రెట్టింపుగా తెలుస్తుంది. అది నటన కాదు. నొప్పిని తూచేది మెదడు, ఆ మెదడుకు విశ్రాంతి లేదు.

ముందు ప్రమాదాన్ని పక్కన పెట్టాలి

ఇప్పుడు చెప్పేది కాస్త జాగ్రత్తగా వినండి. మెడ, భుజం నొప్పుల్లో ఎక్కువభాగం ప్రాణానికి ముప్పు లేనివే. కానీ కొన్ని ఉంటాయి, భుజం వేషం వేసుకుని వస్తాయి. వాటిని గుర్తుపట్టి వెంటనే డాక్టరు దగ్గరికి పంపడం ఫిజియోథెరపిస్టు మొదటి బాధ్యత. వ్యాయామం చెప్పడం తరువాత.

మెట్లెక్కినా, వేగంగా నడిచినా ఎడమ భుజం, చెయ్యి, దవడ గుంజి, నిలబడగానే తగ్గుతోందా? చెమటలు పడుతున్నాయా? అది గుండె కావచ్చు. చెయ్యిని ఎటు కదిలించినా ఆ నొప్పి మారదు, నడక ఆపితే మారుతుంది. భోజనం చేశాక, అందులోనూ నూనె వంటలు తిన్నాక, కుడి భుజం మీద నొప్పి వస్తే పిత్తాశయంలో రాళ్లేమో చూడాలి. కడుపులో రాయికి భుజంలో నొప్పి ఎందుకు? ఊపిరితిత్తుల కింద ఉండే పొర, డయాఫ్రం, దానికి నరం వచ్చేది మెడలో మూడు, నాలుగు, అయిదు నరాల మూలాల నుంచి. భుజం మీది చర్మానికీ నరాలు వచ్చేది అక్కడి నుంచే. మెదడు పొరబడుతుంది.

పొగతాగే మగవారు ఇళ్లలో ఉన్నారు కదా. ఊపిరితిత్తి పైకొసన గడ్డ లేస్తే అది చేతి నరాల గుత్తిని ఒత్తుతుంది. దగ్గు కూడా ఉండకపోవచ్చు. భుజం నొప్పి, చిటికెన వేలి వైపు తిమ్మిరి, చేతిలో కండ తగ్గడం, ఒక కంటి రెప్ప వాలడం. పాన్‌కోస్ట్ అనే వైద్యుడి పేరుతో పిలుస్తారు ఈ గడ్డను. బరువు తగ్గుతూ, రాత్రి ఏ పక్కకు తిరిగినా ఆగని నొప్పి ఉంటే, సాయంత్రం జ్వరం వస్తుంటే, ఆలస్యం చేయవద్దు. మన దేశంలో వెన్నెముకకు వచ్చే క్షయ కూడా ఇంకా పోలేదు.

గీత కార్మికులు ఎవరైనా వచ్చారా? తాటిచెట్టు మీద నుంచి పడినా, బండి మీద నుంచి పడినా, మెడ పట్టుకుపోయిందని మర్దన చేయించుకోవద్దు. దెబ్బ తగిలిన మెడకు ఎక్స్‌రే కావాలా వద్దా తేల్చడానికి కెనడా వైద్యులు 2001లో ఒక నియమావళి ఇచ్చారు. అందులో ఒక మాట మీకు పనికొస్తుంది. వయసు 65 నిండినా, ఎత్తు నుంచి పడినా, చేతులు గాని కాళ్లు గాని తిమ్మిరెక్కినా నేరుగా ఎక్స్‌రేకే. తల కదిలించి చూడటం కూడా వద్దు. మిగతావారిలో కూడా డాక్టరు ఆ నియమాలన్నీ చూసి, కదిలించడం క్షేమమని తేల్చాకే తల అటూ ఇటూ 45 డిగ్రీలు తిప్పమంటారు.

ఇంకొకటి ఉంది, ఇది అన్నిటికంటే ఎక్కువగా జారిపోయేది. వెన్నుపాము మెడలోనే నలిగిపోతుంటే నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు. అందరూ కుడి చెయ్యి ముందుకు చాచండి. పిడికిలి బిగించి పూర్తిగా తెరవాలి, వీలైనంత వేగంగా, నేను చాలు అనేవరకూ. పది సెకన్లు. మొదలుపెట్టండి... చాలు. ఇరవై సార్లు వచ్చినవారికి ఫరవాలేదు. బాగా తగ్గినవారు, వేళ్లు తెరుచుకోనివారు సభ అయ్యాక నన్ను కలవండి. భయపడవద్దు, కీళ్లవాతం ఉన్నా ఈ లెక్క తగ్గుతుంది. కానీ చొక్కా గుండీలు పెట్టుకోవడం ఈమధ్య కష్టమైందా? బీడీకి దారం చుట్టేటప్పుడు వేళ్లు మాట వినడం లేదా? చీకట్లో నడిస్తే తూలుతున్నారా? ఇవి ఉంటే నేను మధ్యవేలి గోరును మీటి చూస్తాను. అలా మీటగానే బొటనవేలు తనంతట తాను లోపలికి ముడుచుకుంటే వెన్నుపాము మీద ఒత్తిడి ఉందేమో అనుకోవాలి. మోకాలి మీద సుత్తితో కొట్టి, కాలు అతిగా ఎగురుతోందా అని చూస్తాను. ఈ గుర్తులు కనిపిస్తే ఆ మనిషికి ఎమ్మారై కావాలి, ఆ రోజే రాయించాలి. చూశారా, స్కాను అవసరమెప్పుడో కూడా పరీక్షే చెప్పింది.

ఇంకో మాట. మంగలి షాపులో తల పట్టుకుని టక్కున తిప్పుతారు, మెడ విరిచినట్లు చప్పుడు వస్తుంది, హాయిగా ఉందంటారు. దయచేసి చేయించుకోవద్దు. మెడ ఎముకల్లోంచి మెదడుకు పోయే రక్తనాళాలు ఉన్నాయి. ఉన్నట్టుండి తిప్పినప్పుడు ఆ నాళం లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అరుదే. కానీ ఆ అరుదైనది మీ ఇంట్లో జరగకూడదు. ఎన్నడూ లేనంత తలనొప్పి మెడ నొప్పితో కలిసి వచ్చినా, మాట తడబడినా, రెండు రెండుగా కనిపించినా ఆసుపత్రికి పరుగెత్తండి.

చేతి పని

ఇవన్నీ లేవని తేలాక పరీక్ష మొదలవుతుంది. ఆడవారిని పరీక్షించేటప్పుడు తెర, పక్కన ఒక స్త్రీ, కప్పుకోవడానికి దుప్పటి, ఏం చేయబోతున్నామో ముందే చెప్పడం. ఇవి మర్యాద మాత్రమే అనుకోకండి, విద్యార్థులూ. బిగుసుకుని కూర్చున్న మనిషి భుజంలో మీకు ఏమీ తెలియదు.

మెడ ముందు. తల కుడికి తిప్పండి, ఎడమకు తిప్పండి, పైకి చూడండి, కిందికి చూడండి, చెవిని భుజం వైపు వాల్చండి. ప్రతి కదలికలోనూ రెండు చూడాలి. ఎంత తిరిగింది, మీకు తెలిసిన ఆ నొప్పి వచ్చిందా. ఏదో నొప్పి కాదు, మీరు ఏ నొప్పి కోసం వచ్చారో ఆ నొప్పి. మెడ తిప్పితే జబ్బలో పోటు లేస్తే మెడ దొరికింది. ఎటు తిప్పినా జబ్బ నొప్పి కదలకపోతే కిందికి దిగాలి.

భుజం దగ్గర ఒక సులువైన వరుస ఉంది. ఇంగ్లండు వైద్యుడు జేమ్స్ సిరియాక్స్ నేర్పింది. ముందు రోగి తనంతట తాను చెయ్యి ఎత్తాలి. తరువాత ఆ చేతిని వదులుగా ఉంచితే నేను ఎత్తుతాను. చివర నేను అడ్డు పెడితే ఆయన నెట్టాలి. తాను ఎత్తలేకపోయినా నేను ఎత్తితే సాఫీగా లేచిందా? కీలు బాగుంది, కండరమో నరమో చూడాలి. నేను ఎత్తినా రాకపోతే? కీలే బిగుసుకుంది. ఇంతే. ఈ మూడు మెట్లు ఓపికగా ఎక్కితే సగం తప్పులు జరగవు.

ఒక అమ్మ సంగతి చెబుతాను. యాభై ఏళ్లు ఉంటాయి, బీడీ కార్మికురాలే. కుడి జబ్బ సలుపు, రాత్రి నిద్ర లేదు. మెడ స్కానులో డిస్కు ఉబ్బు కనిపించిందని నెలల తరబడి మెడకు కాలరు పెట్టారు, మెడ లాగించుకున్నారు. నా దగ్గరికి వచ్చినప్పుడు జడ కూతురు వేసి పంపింది. ఎందుకమ్మా అంటే, చెయ్యి తల వెనక్కు పోవడం లేదన్నారు. మెడ తిప్పమన్నాను. రెండు వైపులా చక్కగా తిరిగింది, జబ్బ నొప్పి మారలేదు. వేళ్లలో తిమ్మిరి లేదు, బలం ఉంది. అప్పుడు ఆమె మోచేతులు రెండూ నడుముకు ఆనించి, ముంజేతులు తలుపు తెరిచినట్లు బయటికి తిప్పాను. ఎడమది 70 డిగ్రీలు పోయింది. కుడిది పది డిగ్రీల దగ్గర ఆగింది. నేను తిప్పినా అంతే, గట్టిగా ఆగిపోయింది. పక్కకు ఎత్తడం దానికంటే కాస్త నయం, చెయ్యి వెనక్కు పెట్టడం ఇంకాస్త నయం. బయటికి తిప్పడం అన్నిటికంటే ముందు పోవడం, అదే ఆ జబ్బు గుర్తు. భుజం కీలు చుట్టూ ఉన్న సంచి బిగుసుకుపోయింది. అమెరికాలో బోస్టన్ సర్జన్ కాడ్‌మన్ 1934లో దీనికి ఫ్రోజెన్ షోల్డర్ అని పేరు పెట్టారు. షుగరు పరీక్ష చేయించుకున్నారా అని అడిగితే ఎప్పుడూ లేదన్నారు. చేయిస్తే ఎక్కువగా ఉంది! షుగరు ఉన్నవారిలో ఈ భుజం బిగుసుకోవడం మిగతావారికంటే చాలా ఎక్కువ. ఆ అమ్మకు భుజం పరీక్ష వల్ల షుగరు బయటపడింది. కాలరు ఆ రోజే తీసేశాము.

విద్యార్థులకు ఇక్కడ ఒక హెచ్చరిక. బయటికి తిరగని ప్రతి భుజమూ ఇదే అనుకోవద్దు. కీలు అరిగినా తిరగదు. ఫిట్స్ వచ్చి గాని కరెంటు షాక్ కొట్టి గాని భుజం వెనక్కి జారి ఇరుక్కుపోయినా తిరగదు. సరైన కోణాల్లో ఎక్స్‌రే తీస్తే ఆ రెండూ తెలుస్తాయి. చూడకుండా సాగదీయడం మొదలుపెట్టకండి.

ఇక నరాలు. మెడలో ఎముకలు ఏడు, నరాల జతలు ఎనిమిది. అయిదో నరం చేతిని పక్కకు ఎత్తుతుంది. ఆరోది బొటనవేలి స్పర్శ, మణికట్టు పైకెత్తడం. ఏడోది మధ్యవేలు, మోచెయ్యి చాచి నెట్టే బలం. ఎనిమిదోది చిటికెన వేలు, పిడికిలి పట్టు. దూదితో రెండు చేతులూ తాకి చూడాలి, బలం రెండు పక్కలా పోల్చాలి, సుత్తితో కొట్టి చూడాలి. తల వెనక్కీ పక్కకూ వాల్చి పైనుంచి మెల్లగా ఒత్తే పరీక్ష ఒకటి ఉంది. స్పర్లింగ్, స్కోవిల్ అనే వైద్యులు 1944లో చెప్పారు. ఒత్తినప్పుడు మెడలో నొప్పి వస్తే లెక్కలోకి రాదు, చేతిలోకి జివ్వున దిగాలి. దిగగానే ఆపేయాలి. దెబ్బ తగిలిన మెడలకు, కీళ్లవాతం ముదిరిన మెడలకు ఇది అసలే చేయకూడదు. 2003లో వైనర్ అనే ఫిజియోథెరపిస్టు బృందం నాలుగు పరీక్షలు కలిపి చూసింది. ఈ ఒత్తుడు, తలను పైకి లాగితే నొప్పి తగ్గడం, చేతి నరాన్ని సాగదీసే పరీక్ష, నొప్పి ఉన్న వైపు తల 60 డిగ్రీలైనా తిరగకపోవడం. నాలుగూ నిలిస్తే మెడలో నరం ఒత్తుకుందని సుమారు 90 శాతం చెప్పవచ్చు. నరం సాగదీసే పరీక్షలో ఏమీ రాకపోతే నరం ఒత్తిడి దాదాపు లేనట్టే. పెద్ద అధ్యయనం కాదు, అయినా నేను రోజూ వాడతాను. ఒక్క పరీక్షను నమ్ముకోవడం కంటే ఇది చాలా మేలు.

వేళ్ల తిమ్మిరి అనగానే మెడే అనుకోకండి. బీడీ చుట్టే చేతికి మణికట్టులోనూ నరం ఒత్తుకుపోవచ్చు. అర్ధరాత్రి లేచి చెయ్యి విదిలించుకుంటే తగ్గుతోందా? బొటన, చూపుడు, మధ్య వేళ్లేనా? అయితే మణికట్టు వంచి ఒక నిమిషం ఉంచి చూడాలి. రెండు చోట్లా ఉన్నవారినీ చూశాను.

వేళ్లతో నొక్కి చూడటం చివరకు. కొందరు రాగానే కండ మీద బొటనవేలు పెట్టి నొక్కి "ఇక్కడేనా?" అంటారు. ఆ కండ నొక్కితే ఈ సభలో నొప్పి లేదనేవారు ఎవరూ ఉండరు. దాన్ని పట్టుకుని రోగ నిర్ణయం చేస్తే ఎలా? భుజానికి పేరున్న పరీక్షలు పుస్తకాల్లో డజన్ల కొద్దీ ఉన్నాయి. అన్నీ చేసి నొప్పి రేపడం వల్ల ఒరిగేది లేదు. నాకు ఎక్కువ ఉపయోగపడేది ఇంకొకటి. రోగి చెయ్యి ఎత్తుతుంటే నొప్పి వచ్చింది. ఇప్పుడు నా అరచేత్తో రెక్క ఎముకను కింద నుంచి పైకి తిప్పుతూ సాయం పట్టి, మళ్లీ ఎత్తమంటాను. నొప్పి తగ్గిందా? అయితే రెక్కను నడిపే కండరాలకు బలం ఇస్తే లాభం ఉంటుంది. అక్కడ పరీక్షే చికిత్సకు దారి చూపింది.

చివరగా కొలత. మెడ బాధ ఎంత అని తేల్చడానికి 1991 నుంచి వాడుతున్న పది ప్రశ్నల కాగితం ఒకటి ఉంది. మంచిదే. కానీ అందులో కారు నడపడం గురించి అడుగుతుంది, పుస్తకం చదవడం గురించి అడుగుతుంది. మన అక్కను ఆ ప్రశ్న అడిగి ఏం తెలుసుకుంటాం? నేను తెల్ల కాగితం తీసుకుని, మీకు ఈ నొప్పి వల్ల కష్టమైన మూడు పనులు చెప్పమంటాను. జడ వేసుకోవడం. బిందె ఎత్తడం. బస్సులో పై కడ్డీ పట్టుకోవడం. ఒక్కోదానికి సున్నా నుంచి పది దాకా మార్కులు మీరే వేయండి అంటాను. సున్నా అంటే అసలు చేయలేను, పది అంటే మునుపటిలా చేస్తున్నాను. రెండు మూడు వారాలయ్యాక అవే మూడు పనులు, అవే డిగ్రీలు, మళ్లీ చూస్తాను. మారకపోతే నా ఆలోచన మార్చుకోవాలి, లేదా డాక్టరుకు రాసి పంపాలి. అదే వ్యాయామం అదే యంత్రం ఇంకో నెల సాగదీయడానికి వీల్లేదు.

మీరు ఎక్కడికి వెళ్లినా, మొదటి రోజు అరగంట అయినా పరీక్ష చేయమని అడగండి. ఏ పనిలో నొప్పి, ఎంతసేపటికి తగ్గుతుంది, రాత్రి ఎలా ఉంది, షుగరు చీటీ, వేసుకుంటున్న మందులు, ఇవి వెంట తీసుకుపోండి. కూర్చోగానే యంత్రం తగిలించబోతే, "ముందు పరీక్ష చేయండి, ఏముందో చెప్పండి" అని అడగండి. కోపంగా అక్కర్లేదు, గట్టిగా అడగండి.

ఇక ప్రశ్నలు. అమ్మలూ, ముందు మీరు అడగండి, విద్యార్థులు ఆగుతారు. ఇందాక పిడికిలి తెరవడం తగ్గినవారు మాత్రం నన్ను కలవకుండా వెళ్లవద్దు.